పక్క సీట్లో ఎవరు?

(మధ్యాహ్నం రెండు దాటింది. శిక్షణ లారీ రోడ్డు మీద ఉంది. స్టీరింగు దగ్గర నేర్చుకునే అమ్మాయి. పక్క సీటు ఖాళీ. వెనక బెర్తు మీద, పరదా చాటున, నేర్పే అక్క.)

“ఎవరితోనే మాట్లాడుతున్నావ్?”

“అమ్మో! మీరు పడుకున్నారనుకున్నానక్కా.”

“నేను పడుకుంటే నీ పరీక్ష మా ముత్తాత చూస్తాడా? అద్దంలో నన్ను వెతక్కు, రోడ్డు చూడు. ఎవరితో మాట్లాడుతున్నావ్?”

“ఎవరితోనూ లేదు.”

“‘మేలుకునే ఉన్నారా’ అన్నావ్. రెండుసార్లు అన్నావ్.”

“మిమ్మల్నే అడిగానక్కా.”

“నన్నా? ‘ఏమండీ’ అని పిలిచి మరీనా? నేను నీకు ఏమండీని ఎప్పుడయ్యానే?”

“ముందు బస్సు ఆగిందక్కా.”

“నాకు కనిపిస్తూనే ఉంది. నువ్వు చూశావా లేదా అన్నదే నా దిగులు. ఆ... మెల్లిగా. బ్రేకు మీద నిలబడకు, అదేమన్నా పీటా? చాలు. బస్సుని పోనీ. ఇంకాస్త పోనీ. ఇప్పుడు వదులు.”

“బాగానే ఆపానుగా?”

“బాగానే ఆపావ్. చేతులూ కాళ్లూ నీకు మంచివే. ఐదు నెలల్లో ఒక్క మాట రెండోసారి చెప్పించుకోలేదు. వచ్చిన చిక్కంతా నీ కళ్లతోనే. రెండు నిమిషాలకోసారి పక్కకి చూస్తున్నావ్. అద్దం చూస్తే నేనే మెచ్చుకునేదాన్ని. నువ్వు చూసేది సీటు.”

“అలవాటక్కా. ఇన్నాళ్లూ మీరు అక్కడే కూర్చునేవారుగా.”

“అబద్ధాలు కూడా వచ్చన్నమాట. అది మాత్రం నేను నేర్పలేదు తల్లీ. సరే, చివరి రోజు ఆ సీటు ఖాళీగా ఉంచి నేను వెనక్కి ఎందుకొచ్చి కూర్చుంటానో తెలుసా?”

“ఒంటరిగా ఎలా నడుపుతామో చూడ్డానికి.”

“అందరూ అదే అనుకుంటారు. నడపడం నాకు మూడో నెల్లోనే తెలిసిపోతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు మనిషి ఏం చేస్తుందో వినడానికి వస్తాను. అందుకే ఈ పరదా. అందుకే తిన్నాక, ఈ పాడు నిద్ర వేళకి పెడతాను పరీక్ష. ఒకతె పాటలు పాడుతుంది. ఒకతె మొగుణ్ణి తిడుతుంది. మీ బ్యాచిలో ఆ ఎత్తుపళ్ల పిల్ల గంటన్నర సేపు ఎక్కాలు చదివింది. పదమూడో ఎక్కం దగ్గర తప్పు, మళ్లీ మొదట్నుంచి. నా చెవులు చిల్లులు పడ్డాయనుకో. దిగగానే సంతకం పెట్టేశాను.”

“మరి నాకు?”

“పెట్టను.”

“అక్కా!”

“అరవకు. రోడ్డు చూడు.”

“అక్కా, రేపు పొద్దున్నే నా బండి. సరుకు కూడా ఎక్కించేశారు. మీ సంతకం లేకపోతే తర్వాతి బ్యాచి పరీక్ష దాకా ఆగాలి. మూడు నెలలు.”

“ఆగు. ఏం, కొంపలు మునుగుతాయా?”

“మునుగుతాయి. నేను మునిగిపోతాను. ఆ ఇంట్లో, ఆ గదిలో ఇంక మూడు రోజులు కూడా ఉండలేను. అక్కడ పడుకుంటే కన్ను మూతపడదు, లేచి కూర్చుంటే ఒక్క పని చెయ్యబుద్ధి కాదు. బండెక్కితేనే నేను మనిషినవుతున్నానక్కా. అన్నీ నేర్చుకున్నానుగా? ఏదన్నా అడగండి. ఇప్పుడు అడగండి.”

“సరే, అడుగుతాను. బండి తియ్యకముందు?”

“చుట్టూ తిరగాలి. ప్రతి టైరునీ కర్రతో కొట్టి చప్పుడు వినాలి. వంగి బండి కింద చూడాలి. ఎంత తొందరున్నా చూడాలి.”

“కాళ్లకి?”

“బూట్లు. చెప్పులేసుకుంటే జారి బ్రేకు కిందకి పోతాయి. చున్నీ ఉంటే ముడేసి నడుముకి కట్టాలి, గేరు రాడ్డుకి చుట్టుకోకుండా.”

“వెనక్కి తియ్యాలంటే?”

“ఆడది రివర్సు చేస్తోందంటే చుట్టుపక్కల మగాళ్లందరూ చేతులూపుతూ వచ్చేస్తారు. రా రా అని ఒకడు, ఆపు ఆపు అని ఒకడు. అందరినీ చూడకూడదు. ఒక్కణ్ణి పెట్టుకోవాలి. వాడు అద్దంలో కనపడకపోతే అక్కడే ఆగిపోవాలి. మిగతావాళ్లు నవ్వితే నవ్వనివ్వాలి.”

“నీళ్లు?”

“తాగాలి. బాత్రూముకి భయపడి నోరు కట్టుకుంటే తల తిరిగి మనమే పడతాం. శుభ్రంగా ఉండే బంకులు ఎక్కడున్నాయో ముందే అడిగి రాసుకోవాలి.”

“బండిలో పడుకోవాలంటే?”

“సీటు బెల్టు రెండు తలుపుల పిడుల్లోంచీ లాగి బిగించాలి. బయట్నుంచి ఎవరు లాగినా తలుపు రాదు.”

“ముందు పల్లం వస్తోంది. దిగేటప్పుడు?”

“ఏ గేరులో ఎక్కానో ఆ గేరులోనే దిగాలి. ఊరికే బ్రేకు తొక్కుతూ పోతే అది వేడెక్కి చేతులెత్తేస్తుంది. ఇదిగో, మూడులో ఎక్కాను, మూడులోనే దిగుతున్నాను.”

“శభాష్. ఇప్పుడు ఆఖరి ప్రశ్న. పక్క సీట్లో ఎవరు?”

“పల్లం అయిపోయిందక్కా.”

“మాట మార్చకు. ఎవరు?”

“మా ఆయన.”

“పోయి ఎన్నాళ్లయింది?”

“వచ్చే నెలకి రెండేళ్లు.”

“ఆయనా లారీయేనా?”

“లారీయే. పదకొండేళ్లు నడిపారు.”

“నేను ఎవర్నీ అడగను, వాళ్లు చెప్పుకుంటే వింటాను. నిన్ను మాత్రం అడగాల్సొస్తోంది. ఎలా పోయాడు?”

“నిద్రొచ్చింది.”

“ఊఁ.”

“ఇదే వేళ. తిన్నాక రెండింటికీ మూడింటికీ మధ్య ఆయనకి కళ్లు లాగేవి. అప్పుడు నాకు ఫోను చేసేవారు. నేను ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. ఐదు నిమిషాలకోసారి ‘ఏమండీ, మేలుకునే ఉన్నారా’ అని అడగాలి. ‘ఆఁ’ అంటారు. ‘ఆఁ’ సాగదీస్తే తిట్టాలి. మా పెళ్లయిన దగ్గర్నుంచీ అదే పద్ధతి.”

“లారీవాళ్ల పెళ్లాలందరూ చేసేదే. ఆ రోజు చెయ్యలేదా?”

“చేశారు. మాట్లాడుతూ... నాకు నిద్ర పట్టేసింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిద్రపోయాను. లేచేసరికి అయిపోయింది.”

“అయ్యో తల్లీ. ఇంటెడు చాకిరీ చేసుకుని మధ్యాహ్నం నడుం వాలిస్తే నిద్ర రాదా ఎవరికైనా? అందులో నీ తప్పేంటే?”

“అందరూ అదే అంటారక్కా.”

“అందరూ అంటే అబద్ధమవుతుందా? సరే, అది నీ మనసు సంగతి, నాకు ఇప్పుడు నీ బండి సంగతి కావాలి. నువ్వు ఆ సీటు వైపు తిరిగి ‘మేలుకునే ఉన్నారా’ అంటున్నావ్. అని, జవాబు కోసం ఆగుతున్నావ్. ఆగినంతసేపూ ఈ బండి ఎవరు నడుపుతున్నారు?”

“నేనే.”

“కాదు. ఎవరూ నడపట్లేదు. విను. పక్క సీట్లో మనిషి ఉండాలి. లేకపోతే ఈ పని చెయ్యలేం, పిచ్చెక్కిపోతాం. నేనూ కూర్చోబెట్టుకుంటాను, ఇరవై రెండేళ్ల నుంచి.”

“ఎవర్ని?”

“మా అత్తగారిని.”

“నవ్వించకండక్కా.”

“నవ్వు, కానీ రెండు చేతులూ స్టీరింగు మీదుంచి నవ్వు. నిజమే చెప్తున్నా. ఇంజను స్టార్టు చెయ్యగానే ఆవిడ ఎక్కేస్తుంది. ‘ఆడదానివి, నీకెందుకే లారీ’ అంటుంది. నేనంటాను, ‘మీ కొడుకు పని చేస్తే నాకెందుకు లారీ’ అని. ఇంక చూస్కో, నాలుగొందల కిలోమీటర్లు ఒకటే యుద్ధం. ఆవిడ ఇంట్లో కూర్చుని కాళ్ల నొప్పులని మూలుగుతూ ఉంటుంది, పాపం. నాతో సగం ప్రపంచం తిరిగిన సంగతి ఆవిడకి తెలీదు.”

“ఆవిడ బతికే ఉన్నారా?”

“నిక్షేపంలా ఉంది. తొంభైకి దగ్గరపడింది. నన్ను పంపించిగానీ తను పోదు. అదే నేను చెప్పేది. బతికున్నవాళ్లనే ఎక్కించాలి. పోయినవాళ్లని ఎక్కించకూడదు.”

“ఎందుకు?”

“బతికున్నవాళ్లు సతాయిస్తారు. ఆ సతాయింపే మనకి మందు. పోయినవాళ్లు ఏమీ అనరు. నువ్వేమంటే అది సరేనంటారు. బక్కపిల్ల అని నా దగ్గర నేర్చుకున్నదే, నీ కంటే నాలుగు బ్యాచిలు ముందు. మంచి డ్రైవరు. వాళ్లమ్మ పోయి ఏడాదయింది. అమ్మని కూర్చోబెట్టుకుందట పక్కన. నాకు చెప్పలేదు. ఈ పరదా వెనక కూర్చుని నేను విన్నాను కూడా. ‘అమ్మా, అదిగో కొండ, అమ్మా, అదిగో చెరువు’ అని కబుర్లు చెప్తోంది. ముచ్చటేసింది నాకు. సంతకం పెట్టాను.”

“ఏమైంది?”

“చక్కటి రోడ్డు. మలుపు లేదు, గుంట లేదు, ఎదురు బండి లేదు. మెల్లిగా రోడ్డు దిగి పొలంలోకి పోయి తిరగబడింది. ఆస్పత్రికి వెళ్లాను. కాలు తీసేశారు. నన్ను చూసి ఏమందో తెలుసా? ‘అలిసిపోయావు, నా ఒళ్లో తల పెట్టుకోవే అంది అక్కా, పెట్టుకున్నాను’ అంది. అమ్మ ఇంకేమంటుంది చెప్పు? బతికున్న అమ్మయితే ‘కళ్లు తెరువే దున్నపోతా’ అనేది. ఆ సంతకం పెట్టిన చెయ్యి ఇదే. ఇప్పటికీ పెన్ను పట్టుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అందుకే నీకు పెట్టను. నువ్వంటే ఇష్టం లేక కాదు. ఉంది కాబట్టి.”

“మా ఆయన అలా అనరక్కా. నన్ను పడుకోమనరు.”

“మరేమంటాడు?”

“ఏమీ అనరు. నేను అడుగుతూ ఉంటాను, ఆయన పలకరు.”

“అది ఇంకా అన్యాయం! ఏదో ఒక రోజు పలుకుతాడు, ఆ రోజు నువ్వు బండి వదిలేసి వింటావు. దింపెయ్.”

“దింపెయ్యడమంటే?”

“వేరేవాళ్లని ఎక్కించు. ఇప్పుడే. ఇంకా గంట దారి ఉంది మనకి. ఈ గంట వేరేవాళ్లతో మాట్లాడుతూ నడిపి చూపించు, సంతకం సంగతి ఆలోచిస్తాను.”

“నిజంగానా?”

“నేను అబద్ధాలు అద్దెకి కూడా తేను. ఎవర్ని ఎక్కిస్తావ్?”

“మా పాపని.”

“ఎన్నేళ్లు?”

“ఆరు.”

“వద్దు. ముద్దొస్తుంది. ముద్దొచ్చేవాళ్లు పక్కనుంటే ఒళ్లు మెత్తబడుతుంది.”

“మా అమ్మని?”

“తిట్టగలవా?”

“ఛఛ.”

“అయితే వద్దు. నిన్ను చూస్తే ఒళ్లు మండేవాళ్లు లేరా? నీకు ఒళ్లు మండించేవాళ్లు?”

“ఉన్నారు.”

“హమ్మయ్య. ఎవరు?”

“మా వదిన. ఆయన అక్క. రెండేళ్లుగా మాటల్లేవు.”

“భేష్! ఆడపడుచుని మించిన మందు ఉందా? ఎక్కించు. తలుపు తీసి ఎక్కించు.”

“ఎలా మొదలుపెట్టాలి?”

“ఎదురుపడితే ఏమంటావో అదే. గట్టిగా, నాకు వినపడేలా. కళ్లు మాత్రం రోడ్డు మీద.”

“వదినా... బాగున్నారా?”

“థూ! కుశలప్రశ్నలు వేశావంటే పావుగంటలో ఇద్దరూ గురక పెడతారు. ముందు ఆవిడ ఏమంటుందో అను. ఆవిడ గొంతుతో.”

“‘నా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నావ్’ అంటుంది.”

“ఆఁ. నువ్వేమంటావ్?”

“ఏమీ అనను. తల దించుకుంటాను.”

“అది ఇంట్లో. ఇక్కడ తల దించితే లారీ కాలవలో ఉంటుంది. ఇది నీ బండి, స్టీరింగు నీది, ఆవిడ దిగిపోవాలన్నా నువ్వు ఆపాలి. అనెయ్. ఇంకేమంటుంది?”

“‘వాడు అక్కడ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని బండి తోలుతుంటే నువ్విక్కడ ఫోను చెవిలో పెట్టుకుని గుర్రుపెట్టి పడుకున్నావ్. నా కళ్లతో నేను చూశాను’ అంటుంది.”

“చూసిందా నిజంగా?”

“చూసింది. ఆ రోజు మా ఇంట్లోనే ఉంది. తలుపు తీసింది. గడపలో నిలబడి చూసింది.”

“సరే. నువ్వేమంటావ్? నోరు విప్పవే. లారీకి గేదె అడ్డమొచ్చిందనుకో, హారన్ కొట్టినట్టు కొట్టు.”

“నిద్రపోలేదు వదినా.”

“ఏంటీ?”

“నేను నిద్రపోలేదు. మీరు తలుపు తీసినప్పుడు మేలుకునే ఉన్నాను. కళ్లు మూసుకున్నానంతే. మీ మొహం చూడ్డం ఇష్టం లేక మూసుకున్నాను.”

“ఒసేయ్, స్పీడు. కాలు తియ్.”

“పొద్దున్న మీరు నా వంటింట్లో డబ్బాలన్నీ తీసి మార్చేశారు. ఉప్పు ఎక్కడుందో నాకే తెలీకుండా చేశారు. నా ఇంట్లో, నా అరలు. మీతో మాటా మాటా అనుకుని గదిలోకి పోయి తలుపేసుకున్నాను. అప్పుడు ఆయన ఫోను...”

“కాలు తియ్యమన్నానా? తియ్! బ్రేకు, మెల్లిగా. మెల్లిగా తల్లీ. రెండో గేరు. ఇండికేటరు వెయ్. ఎడమకి తీసుకో, రోడ్డు దిగి పూర్తిగా పక్కకి. ఇంకా. ఇంకా. చాలు. చేతి బ్రేకు. ఇంజను ఆపు. ఆపావా? చేతులు ఒళ్లో పెట్టుకో.”

“స్పీడు చూసుకోలేదక్కా.”

“బండి ఆగింది, ఇంకేం కాదు. ఉండు, నేను ముందుకొస్తున్నాను.”

“అక్కా, ఆ సీట్లో...”

“తెలుసు. ఆ సీట్లో కూర్చోను. ఇదిగో, బెర్తు అంచు మీద కూర్చున్నా, నీ వెనకే. నీళ్లు తాగు. ఇప్పుడు వదినకి కాదు, నాకు చెప్పు. ఆయన ఫోను చేశాడు. తర్వాత?”

“వదిన మీద చాడీలు చెప్పాను. డబ్బాల సంగతంతా చెప్పాను. మధ్యమధ్య మేలుకునే ఉన్నారా అంటే ఆఁ, ఆఁ అన్నారు. రెండోసారి ‘ఆఁ’ సాగదీశారు. తిట్టాలి కదా అప్పుడు? తిట్టలేదు. నా గొడవలో నేనున్నాను.”

“ఊఁ.”

“అప్పుడు ఆయనే అన్నారు, ‘ఇక్కడ రోడ్డు వెడల్పుగా ఉంది, పక్కకి తీసి పది నిమిషాలు పడుకుంటానే’ అని. వద్దన్నానక్కా.”

“వద్దన్నావా?”

“‘మీ అక్క ఐదింటి బస్సుకి వెళ్లిపోతుంది, ఆవిడ ఉండగానే వచ్చి అడగండి, నా పరువు నిలబెట్టండి, దార్లో పడుకోవద్దు, వచ్చెయ్యండి’ అన్నాను. ‘సరేలే, వస్తున్నా’ అన్నారు. నవ్వారు కూడా. ‘ఉప్పు డబ్బా కోసం లారీ పరిగెత్తిస్తున్నావే’ అన్నారు.”

“తర్వాత వదిన తలుపు తీసింది.”

“తీసింది. నేను గభాల్న కళ్లు మూసుకున్నాను. ఫోను చెవి దగ్గరే ఉంది. మాట్లాడితే మేలుకుని ఉన్నానని ఆవిడకి తెలిసిపోతుంది. అందుకని మాట్లాడలేదు. ఆవిడ అక్కడే నిలబడింది. ఎంతసేపో నిలబడింది. పిలిచి సారీ చెప్దామనుకుందో ఏమో, పోదే! ఆయన అవతల ‘ఏమే, ఏమే’ అన్నారు రెండుసార్లు. పలకలేదు. తర్వాత ఆయన మాట కూడా లేదు, ఇంజను చప్పుడొక్కటే. ఆ తర్వాత...”

“చాలు. చెప్పకు.”

“చెప్పనివ్వండి. ఎవరికీ చెప్పలేదు. ఆ చప్పుడు విన్నానక్కా. విని కూడా కళ్లు తెరవలేదు. వదిన గడపలోనే ఉంది కదా, తెరిస్తే నా నటన బయటపడుతుందని. ఆవిడ వెళ్లేదాకా మూసుకునే ఉన్నాను. అప్పటికే నాకు తెలుసు. తెలిసి కూడా మూసుకునే ఉన్నాను.”

“ఓరి దేవుడా.”

“తర్వాత అందరూ ‘పాపం, నిద్ర పట్టేసింది పిల్లకి’ అన్నారు. వదిన కూడా ‘నేను చూశాను, నిద్రపోయింది’ అని ఏడుస్తూ తిట్టింది. ఆ తిట్టు నాకు తక్కువక్కా. చాలా తక్కువ. తక్కువ శిక్షకే తల దించుకుని ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పండి, నా తప్పు లేదని.”

“చెప్పను. నీ తప్పు లేదని నేను చెప్పను. వద్దన్నావ్, అది తప్పే. ఆయనకి పదకొండేళ్ల అనుభవం ఉంది, కళ్లు లాగుతుంటే పెళ్లాం కాదు, ఆ బ్రహ్మదేవుడు వద్దన్నా ఆపాలి. ఆపలేదు, అది ఆయన తప్పు. నీ సగం నువ్వు మొయ్యాల్సిందే. ఆయన సగం కూడా రెండేళ్లుగా నువ్వే మోస్తున్నావ్. అది మాత్రం దింపు.”

“ఎలా దింపాలో తెలీదు.”

“నాకూ తెలీదు. బక్కపిల్ల కాలు నేనింకా దింపలేదు. ముక్కు చీదుకో, మొహం కడుక్కో. సీటు కింద గుడ్డుంది. ఆ ఫైలు ఇటివ్వు.”

“ఏ ఫైలు?”

“నీదే. పెన్నేది?”

“అక్కా, ఏం చేస్తున్నారు?”

“సంతకం పెడుతున్నాను, కనపడట్లేదా? మాట్లాడించకు, వంకరపోతుంది.”

“పెట్టనన్నారుగా! ఇంత విన్నాక పెడుతున్నారా?”

“విన్నాను కాబట్టే పెడుతున్నాను. ఇప్పటికి నా దగ్గర నలభై మూడు మంది నేర్చుకున్నారు. నిద్రొస్తే ఆపండే అని అందరికీ చెప్పాను. అందరూ సరేనన్నారు. యజమాని ఫోను చేసి తొందర పెడితే, ఇంట్లో పిల్లాడు ఏడుస్తుంటే, ఇంకో అరగంటే కదా అనిపిస్తే ఎంతమంది ఆపుతారో నాకు తెలీదు. నువ్వు ఆపుతావు. ఎవరు వద్దన్నా ఆపుతావు. ఒట్టేసి చెప్పగలిగేది నీ ఒక్కదాని గురించే. ఇదిగో, అయిపోయింది.”

“అక్కా...”

“ఏడవకు, కాగితం తడుస్తుంది. మళ్లీ ఇంకోటి రాయడం నావల్ల కాదు. కానీ ఒక షరతు. దార్లో వదినతో మాట్లాడాలి. తిరిగొచ్చాక నిజం వదినతో కూడా చెప్పుకోవాలి. రెండేళ్లుగా ఆవిడ కూడా ఏదో మోస్తూనే ఉంటుంది. గడపలో నిలబడి నిన్ను లేపలేదని.”

“అది నేనెప్పుడూ అనుకోలేదు.”

“అనుకో. ఇంక ఈ రెండో కాగితం. రేపటి దారిలో ఎక్కడెక్కడ ఆగుతావో ముందే రాసివ్వాలి. చోటు, ఎంతసేపు, ఎందుకు. రాయకుండా ఆగావంటే ఆఫీసువాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేసి ప్రాణం తీస్తారు. నువ్వు చెప్పు, నేను రాస్తాను. ఏ దారి వేశారు నీకు?”

“కొండ దారి.”

“మొదటి ట్రిప్పుకే కొండ దారా? ఎవడా బుద్ధిలేనివాడు వేసింది?”

“నేనే అడిగి వేయించుకున్నాను.”

“అదేనా? ఆయన పోయిన దారేనా?”

“అదే.”

“పిల్లా, నా కళ్లలోకి చూసి చెప్పు. పిచ్చి పిచ్చి ఆలోచనలు ఏమీ లేవుగా?”

“లేవక్కా. పాప మీద ఒట్టు. వెళ్లాలి, సరుకు దించాలి, తిరిగి రావాలి. పాపని బడికి తీసుకెళ్లాలి.”

“సరే, నమ్ముతున్నాను. మొదట ఎక్కడ?”

“ఊరు దాటాక పెద్ద బంకు. పావుగంట.”

“ఎందుకు?”

“నీళ్లు తాగుతానుగా, బాత్రూముకి.”

“బాగుంది. తర్వాత?”

“చెక్‌పోస్టు దాటాక, భోజనం. ముప్పావుగంట.”

“రాశాను. తర్వాత?”

“కొండ ఎక్కాక, నలభై ఏడో కిలోమీటరు రాయి దగ్గర. పది నిమిషాలు.”

“నలభై ఏడా? అక్కడ టీకొట్టు కూడా లేదే. ఏముందక్కడ?”

“ఏమీ లేదక్కా. రోడ్డు వెడల్పుగా ఉంటుంది.”

“...మరి ఎందుకని రాయను?”

“మా ఆయన పడుకుంటానన్నారు.”